‘బాండు’ చేతులు మారింది: నా అనుభవం

మొత్తానికి ‘బాండు’ నాటకం ఆర్టిస్టుల చేతికి ఎల్లిపోయింది. ఇంకా రాస్తానే ఉన్నావా, ఎప్పుడు ఆడతారు, పాసులు ఇప్పిస్తావా (నాటకానికి పాసులేంటి, ఎంట్రీ ఫ్రీనే, మీరు రావడమే గొప్ప) అని అడిగేవాళ్లందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి ఇక్కడ రాసేస్తున్నా. పెద్దదే అవుద్ది, తీరిక ఉన్నప్పుడు చదువుకోండి.

కథ తెలియని వాళ్లకి ముందు నాలుగు ముక్కలు. నేను గుంటూరులో ఒక బ్యాంకులో పనిచేస్తా. మా కౌంటర్ దగ్గరికి రైతులు కోల్డ్ స్టోరేజీ బాండ్లు పట్టుకుని వస్తారు. మిర్చి యార్డుకి తెస్తే ఆ రోజు రేటు నచ్చదు, వెనక్కి తీసుకెళ్లలేరు, దాంతో కోల్డ్ స్టోరేజీలో పెట్టి వాళ్లిచ్చిన బాండు (సరుకుకి రసీదు లాంటిది) మా దగ్గర తాకట్టు పెట్టి లోను తీసుకుంటారు. సరుకేమో అక్కడ చలిలో ఉంటది, కాగితం మా బీరువాలో ఉంటది, మనిషేమో ఊళ్లో కూర్చుని రోజూ రేటు ఎంతా అని ఫోన్లు చేస్తా ఉంటాడు. పైన వడ్డీ నడుస్తానే ఉంటది, స్టోరేజీ అద్దె నడుస్తానే ఉంటది. నా నాటకం ఇదే. కోటయ్య అనే తండ్రి, ఇద్దరు కూతుళ్లు, ఒక అల్లుడు, కమిషన్ కొట్టు గుమస్తా. మధ్యలో నూట ఇరవై టిక్కీల (మిర్చి బస్తాల) బాండు. అమ్మాలా, ఆగాలా. ఇంతకంటే కథేం లేదు.

దీన్ని రాయడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందంటే నా బద్ధకం కొంత, ఎక్కువ భాగం మిర్చి. మొదట గంట లోపు నాటికగా రాసా, కోటయ్య ఒక్కడే రాత్రి యార్డులో టిక్కీల మీద పడుకుని మాట్లాడుకుంటా ఉంటాడు. బ్రాడీపేటలో ఫ్రెండు వాళ్లింట్లో చదివితే అందరూ బాగుందన్నారు, ఒకాయన మాత్రం ‘ఈయన ఇంటికెళ్తే అక్కడేం జరుగుద్దో అది నాటకం, ఇది కాదు’ అన్నాడు. ఆ మాట కొన్నాళ్లు కోపం తెప్పించింది, తర్వాత నాటకంలో కోటయ్యకి కూతుళ్లు పుట్టారు. 2020లో అందరం ఇళ్లలో ఉన్నప్పుడు జూమ్‌లో చదివాం, ఒకళ్ల వెనక కుక్కర్ కూతలు, ఒకళ్లకి నెట్ పోవడం, అయినా ఆ రీడింగుల్లోనే చిన్నకూతురి పాత్ర నిలబడింది.

తర్వాత 2021-22 సీజన్లో నల్ల తామర పురుగు వచ్చింది. మన జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు, పూత పూత మొత్తం రాలిపోయి చేలకి చేలు దున్నేసారు. నా స్క్రిప్టులో కోటయ్య బంగారం లాంటి పంట తీసి రేటు లేక ఏడుస్తుంటాడు, బయటేమో పంటే లేదు, సరుకు లేక రేటు పెరిగింది, స్టోరేజీలో పాత సరుకున్నోడు బాగుపడ్డాడు. పంటున్న ఏడు రేటుండదు, రేటున్న ఏడు పంటుండదు అని మా నాన్న ఎప్పుడూ అనేవాడు, అది నా కళ్ల ముందే కనపడేసరికి సెకండ్ హాఫ్ అంతా తీసేసి మళ్లీ రాసా.

ఇంకో తలనొప్పి గుమస్తా డైలాగులో రేటు. అతను ఫోన్లో ‘తేజ ఇవాళ ఇంత పలికింది’ అంటాడు (తేజ అంటే ఒక మిర్చి రకం). నేను ఒక అంకె రాస్తా, ఏడాది తిరిగేసరికి అది పాతబడిపోద్ది. తేజ క్వింటా ఇరవై వేలు దాటిన రోజులు చూసాం, మళ్లీ 2025 మొదట్లో పదకొండు పన్నెండు వేలకి పడిపోయి యార్డు దగ్గర గోల గోల అయితే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు అని ప్రకటించింది. అంకె మార్చిన ప్రతిసారీ పక్కన అప్పు లెక్క మారుద్ది, అప్పు లెక్క మారితే అల్లుడి కోపం సైజు మారుద్ది. నవ్వుకోండి గానీ నిజం, ఒక అంకె వల్ల సీను సీనే మళ్లీ రాసుకున్నా.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన దగ్గర నాటకం మామూలుగా ఇట్లా తయారవ్వదు. పరిషత్తు (నాటక పోటీలు) డేటు వస్తది, ఎంట్రీ పంపాలి, రచయితకి ఫోన్ చేస్తారు, ఉన్న ఆర్టిస్టుల్ని బట్టి పాత్రలు రాయించుకుంటారు. ఆడపాత్రలు రెండు దాటితే డైరెక్టర్లకి చెమటలు పడతాయి, ఎందుకంటే ఆడ ఆర్టిస్టులు తక్కువ, ఉన్నవాళ్లు నాలుగైదు నాటక సమాజాలకి చేస్తా ఊళ్లు తిరుగుతా ఉంటారు, డేట్లు దొరకవు. నా స్క్రిప్టులో తొడిమలు తీసే కూలీల సీను ఒకటుండేది, నలుగురు ఆడవాళ్లు కూర్చుని కాయల తొడిమలు తీస్తా ఊరి సంగతులన్నీ మాట్లాడతారు, నాకు చాలా ఇష్టమైన సీను. స్టేజీ మీద నలుగురు ఆడవాళ్లా, ఇంకేమన్నా ఉందా అన్నారు చూసినవాళ్లంతా. చివరికి వాళ్లు తెర వెనక గొంతులు అయ్యారు. ఈ విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ మండుద్ది, మగ పాత్రలు పది రాస్తే ఎవరూ ఏం అనరు.

2023 డిసెంబర్‌లో నంది నాటకోత్సవాలు గుంటూరులోనే, వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగాయి కదా. బ్యాంకు అయిపోగానే సాయంత్రాలు అటే పోయేదాన్ని. పద్య నాటకాలకి ముసలోళ్లు ముందు వరసల్లో కూర్చుని రాగం తీయగానే చేతులు ఊపడం, సాంఘిక నాటకాలకి వచ్చేసరికి సగం మంది టీకి లేవడం, అన్నీ చూసా. అక్కడే మా డైరెక్టర్ గారితో పరిచయం. విజయవాడ ఆయన, ఎప్పట్నుంచో చేస్తున్నారు, పేరు రాస్తే తిడతారు కాబట్టి రాయట్లా. స్క్రిప్టు పంపమన్నారు, పంపా. నెలల తర్వాత ఫోన్ చేసి ‘మేడమ్, ఇది నాటికకి పెద్దది, నాటకానికి చిన్నది, నాటకమే చేద్దాం, కానీ మీరు ఇంక రాయడం ఆపాలి’ అన్నారు. ఆపాలంటే నాకు భయం వేసింది. గురజాడ గారు ‘కన్యాశుల్కం’ 1892లో ఆడించి, 1897లో అచ్చేసి, మళ్లీ 1909కి దాదాపు కొత్తగా రాసి అచ్చేసారు కదండీ, నేనెందుకు ఆపాలి అన్నా. ‘ఆయన ముందు ఆడించారు, తర్వాత రాసారు, మీరు ఆడించకుండానే రాస్తున్నారు’ అన్నారు. దానికి జవాబు లేదు నా దగ్గర.

చేతులు మారడం అనేది కాగితం మీద చాలా సింపుల్. పరిషత్తులకి పంపాలంటే రచయిత అనుమతి పత్రం కావాలి, తెల్ల కాగితం మీద ఫలానా సమాజం వారు నా నాటకాన్ని ప్రదర్శించుకోడానికి అభ్యంతరం లేదు అని రాసి సంతకం పెట్టాలి. నేను రోజూ రైతుల దగ్గర ఇట్లాంటి సంతకాలు పెట్టించుకునే మనిషినే కాబట్టి కండిషన్లు లేకుండా సంతకం పెట్టడం చేతకాలా, కింద ‘రచయితకి తెలపకుండా సంభాషణలు మార్చరాదు’ అని ఒక లైను కలిపా. డైరెక్టర్ గారు చదివి, కళ్లజోడు పైకెత్తి, ‘తెలుపుతాం మేడమ్, తెలపడమే కదా’ అన్నారు. అప్పుడు అర్థం కాలా. తెలపడం వేరు, ఒప్పుకోవడం వేరు. బ్యాంకులో అయితే ఆ లొసుగు ఇట్టే పట్టేసేదాన్ని.

రీడింగ్ విజయవాడలో పెట్టారు, గాంధీనగర్ వైపు ఒక స్కూలు మేడ మీద గది, ఆదివారాలు ఖాళీగా ఉంటది. గుంటూరు నుంచి ముప్పై కిలోమీటర్ల పైన, బస్సెక్కితే మంగళగిరి, తాడేపల్లి, వారధి దాటితే వచ్చేసినట్టే, కానీ ఆ రోజు దారంతా స్పైరల్ బైండింగ్ కాపీలు ఒళ్లో పెట్టుకుని, ఎక్కడ అక్షరం తప్పు ఉందో అని పేజీలు తిప్పుతానే ఉన్నా. పక్క సీటావిడ ‘పరీక్షా అమ్మా?’ అని అడిగింది.

కోటయ్య వేసేది తెనాలి ఆయన, ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. నేను బాబాయ్ గారూ అంటా, ఆయన నన్ను అమ్మాయ్ అంటారు. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది మా తెనాల్లోనే అని మొదటి అరగంటలోనే చెప్పేసారు, తర్వాత కూడా చాలాసార్లు చెప్పారు. పెద్దకూతురు వేసే అమ్మాయి విజయవాడే, నాలుగైదు సమాజాలకి చేస్తది, ఫోన్ డైరీ నిండా డేట్లు. చిన్నకూతురు డిగ్రీ చదివే పిల్ల, రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటది. అల్లుడు, గుమస్తా ఇద్దరూ పాత కాపులు, ఒకళ్ల కాళ్లు ఒకళ్లు లాక్కుంటా ఉంటారు.

రీడింగ్ అంటే నాకు ఒక ఊహ ఉంది, అందరూ ఫీలయ్యి చదువుతారు, నేను కళ్లు తుడుచుకుంటా అని. అట్టేం కాలా. బాబాయ్ గారు టికెట్లు కొట్టినట్టు గబగబా, ఏ భావం లేకుండా చదివేసారు. నేను డైరెక్టర్ వైపు చూసా, ఆయన ఫ్యాన్ వైపు చూసారు. నేను పగలబడి నవ్వుతారనుకున్న గుమస్తా జోకు దగ్గర ఒక్కళ్లు కూడా నవ్వలా, కానీ ఎక్కడో తండ్రి ‘చెప్పులు యాడ ఇడిసా?’ అని అడిగే దగ్గర అందరూ నవ్వారు, అది నేను నవ్వుకోసం రాయలేదు. తర్వాత తెలిసిందేంటంటే పెద్ద ఆర్టిస్టులు మొదటి రీడింగులో కావాలనే అట్లా చదువుతారంట, ముందే ఫీలింగ్ పెట్టేస్తే అది అట్టాగే గడ్డకట్టుద్ది, ఇంక మారదు అని.

చదవడం అయ్యాక డైరెక్టర్ గారు అందరి ముందూ ఒక రూల్ పెట్టారు. రచయిత్రి గారు ఆర్టిస్టులకి డైరెక్టుగా ఏం చెప్పకూడదు, ఏమున్నా నాకు చెప్పాలి, నేను చెప్తా. పైకి సరే అన్నా. లోపల మాత్రం ఇన్నేళ్లు వీళ్లని మోసింది నేను, నాకు తెలియంది మీకేం తెలుసు అని. నా దగ్గర కోటయ్య గురించి ఒక నోటుబుక్కే ఉంది, ఆయన పెళ్లాం ఎప్పుడు చనిపోయింది, ఆయన ఎందుకు సిగరెట్ మానేసాడు, అల్లుడితో ఎప్పుడు చెడింది, అన్నీ. అదెవరూ అడగలా. ఒకసారి నేనే పట్టుకెళ్లి బల్ల మీద పెట్టా. డైరెక్టర్ గారు తిరగేసి, చాలా బాగుంది మేడమ్ అని దాని మీద టీ గ్లాసు పెట్టారు.

పెద్దకూతురు అమ్మాయి ఒకరోజు ఆగి, ‘అక్కా, ఈమె బీరువాలో బాండు పెట్టుకుని ఆర్నెల్లు తండ్రికి ఎందుకు ఇవ్వదు?’ అంది. నాకు ప్రాణం లేచొచ్చింది, జవాబు నా నోటుబుక్కులో మూడు పేజీలుంది. నోరు తెరిచేలోపు ఆ పిల్లే ‘చెప్పకండి, చెప్పకండి. నాకు దొరక్కపోతే అప్పుడు అడుగుతా’ అని చెయ్యి అడ్డం పెట్టింది. దొరికింది కూడా, ఎట్టాగంటే, ఆ సీన్లో ఆమె మాట్లాడతానే నడుముకున్న తాళాల గుత్తిని చీర కుచ్చిళ్లలోకి దోపుకుంటది, తండ్రి గది లోంచి దగ్గినప్పుడల్లా చెయ్యి దాని మీదకి పోద్ది. నా మూడు పేజీల్లో ఉన్న కారణం అది కాదు. కానీ చూసేవాళ్లకి ఆ చెయ్యి కనపడుద్ది, నా మూడు పేజీలు కనపడవు. ఆ నోటుబుక్కు తర్వాత నేను మళ్లీ విజయవాడ తీసుకెళ్లలా.

యాస గురించి కూడా ఒక రెండు వారాలు గొడవ. చిన్నకూతురు పిల్లకి గోదారి సాగదీత నోట్లోంచి పోదు, ‘వెళ్లిపోద్దండి’ అని తీపిగా అంటది, నాకేమో సత్తెనపల్లి వైపు ‘ఎల్లిపోయిద్ది’ అని కర్ర విరిచినట్టు రావాలి. గుమస్తా వేసే ఆయన ఆ పిల్లకి రోజూ ఫోన్లో వాయిస్ మెసేజీలు పెట్టి నేర్పించాడు, ఇప్పుడు ఆ పిల్ల హాస్టల్లో కూడా ‘ఏంది, యాడికి’ అంటుందంట.

ఇంక అసలు సంగతికి వస్తా. డైరెక్టర్ గారు స్టేజీ మీద నిజం కాయలు కావాలన్నారు, ప్లాస్టిక్‌వి ఒద్దన్నారు. మా తమ్ముడి దగ్గర నుంచి కవర్లో తేజ కాయలు తొడిమలతో సహా పట్టుకెళ్లా. బస్సులో కవర్ ముడి వదులై నలుగురు దగ్గారు, ఒకాయన నన్ను దింపేయమన్నాడు, అది వేరే కథ. రిహార్సల్ గదిలో బల్ల మీద పోయగానే అందరూ తుమ్మడం మొదలెట్టారు. బాబాయ్ గారు మాత్రం ఒక కాయ తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఆడించారు. ఎండిన కాయ అయితే లోపల గింజలు గలగలలాడతాయి, తేమ ఉంటే చప్పుడు రాదు. తర్వాత తొడిమ పట్టుకుని విరిచి, ముక్కు దగ్గర పెట్టుకోకుండా దూరంగానే వాసన చూసి, ఎర్రగా ఉన్నవి ఒక పక్కకి, తెల్లబడ్డ తాలు కాయలు ఒక పక్కకి చిటికెన వేలుతో నెట్టారు. ఇదంతా నేను స్క్రిప్టులో రాయలా. మీరు వ్యవసాయం చేసారా బాబాయ్ గారూ అంటే, లేదమ్మాయ్, గుంటూరు రూటులో డ్యూటీ చేసా అన్నారు.

అప్పుడు టీ తాగుతా ఒక మాట చెప్పారు. సీజన్లో సాయంత్రం బస్సుకి యార్డు నుంచి వచ్చే రైతుల్ని చూడగానే ఎవరు అమ్మారో ఎవరు అమ్మలేదో తెలిసిపోయేదంట. ‘అమ్ముకున్నోడు నిద్రపోడమ్మాయ్. కిటికీ పక్కన కూర్చోడు, మనుషుల మధ్యలో ఇరుక్కుని కూర్చుంటాడు, చెయ్యి లోపలి జేబు మీదే ఉంటది, డబ్బులు లెక్కపెట్టడు, ఊరొచ్చేదాకా కళ్లు మూయడు. అమ్మనోడు ఎక్కగానే నిద్రపోతాడు. టికెట్ కోసం లేపాలంటే పాపం అనిపించేది, నేను దిగే స్టాపు దగ్గరపడ్డాక లేపేవాణ్ణి.’

నాకు ఒళ్లు ఝల్లుమంది. ఇన్నేళ్లు బాండ్లు చూసా, యార్డు చూసా, మా ఇంట్లోనే మిర్చి చూసా, ఇది చూడలా. వెంటనే పెన్ను తీసి, రెండో రంగంలో కోటయ్య నోట్లో ఈ మాట పెడతా, అదిరిపోద్ది, క్లాప్స్ పడతాయి అన్నా. డైరెక్టర్ గారు కూడా ఊ అన్నారు, పరిషత్తులో జడ్జీలకి ఇట్లాంటివి పడతాయి మరి. బాబాయ్ గారు గ్లాసు కింద పెట్టి, ‘వద్దమ్మాయ్. అది నేను చెప్పను, చేస్తాను’ అన్నారు.

ఎట్టా చేస్తారో చూపించారు కూడా. రెండో రంగం మొదట్లో కోటయ్య యార్డు నుంచి వస్తాడు, అమ్మలేదని మనకి ఇంకా తెలియదు. నేను రాసింది, వచ్చీ రాగానే కూతురితో నాలుగు లైన్లు, రేటు ఎట్టా పడిపోయిందో, గుమస్తా ఏమన్నాడో, స్టోరేజీలో పెట్టి వచ్చానని. బాబాయ్ గారు వచ్చి, తువ్వాలు దులిపి (ఘాటుకి కూతురు రెండుసార్లు దగ్గుద్ది, అది ఆ పిల్ల సొంతంగా వేసుకుంది), అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు అడిగి, ఆమె చెంబు తెచ్చేలోపు నిద్రపోయారు. కూర్చున్న చోటే, గోడకి తల ఆనించి. పెద్దకూతురు చెంబు పట్టుకుని వచ్చి చూసింది. లేపబోయి ఆగింది. లోపలికెళ్లి తాళాలు దోపుకుంది. ఒక్క మాట లేదు. నా నాలుగు లైన్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

గదిలో అందరూ నా వైపు చూసారు. కండిషన్ ఉంది కదా, రచయితకి తెలపాలి. తెలిపారు. ఆ నాలుగు లైన్లు నేనే కొట్టేసా, పెన్ను గట్టిగా నొక్కి. అవి చెత్త లైన్లేం కాదు, జూమ్ రోజుల్లో అందరూ మెచ్చుకున్నవే. కాకపోతే ఆ మనిషి గోడకి తల ఆనించాక ఇంక వాటికి చోటు లేదు.

అట్లా అని ఆర్టిస్టులు అడిగిందల్లా ఇచ్చేసానని అనుకోకండి. క్లైమాక్సులో పెద్దకూతురు బాండు తెచ్చి బల్ల మీద పెట్టి ఎల్లిపోద్ది, తండ్రి చాలాసేపు దాన్ని చూసి చివరికి తనే తీసుకుంటాడు. ఆ అమ్మాయికి ఇది నచ్చలా, చెల్లెలి చేతిలో పెడితే ఎమోషన్ బాగా పండుద్ది, అక్కాచెల్లెళ్లు పట్టుకుని ఏడవొచ్చు అంది. అల్లుడు వేసే ఆయన కూడా సై అన్నాడు. నేను డైరెక్టర్ గారిని మెట్ల మీదకి పిలిచి, అది మాత్రం కుదరదండీ అన్నా. చెల్లెలి చేతికి ఇస్తే తండ్రికి అడగాల్సిన పని, తీసుకోవాల్సిన పని రెండూ పోతాయి, ఆయన కాగితం ఆయనే వంగి తీసుకోవాలి, ఆడపిల్ల దాచిన దాన్ని ఆడపిల్ల ఇస్తే తీసుకోవడం ఆయనకి ఎంత కష్టమో అది కనపడాలి, ఏడుపు ఎక్కడైనా ఉంటది. ఆయన చాలాసేపు గోడ మీద గీతలు గీసి, లోపలికెళ్లి ‘బల్లే’ అన్నారు. అంతే. ఆ అమ్మాయి రెండు రోజులు నాతో పొడిపొడిగా మాట్లాడింది, తర్వాత బల్ల మీద పెట్టేటప్పుడు కాగితం గాలికి ఎగరకుండా పైన తాళాల గుత్తి పెట్టింది. అబ్బ అనుకున్నా. తండ్రి కాగితం తీసుకోవాలంటే ఇప్పుడు ముందు తాళాలు తీయాలి.

మధ్యలో ఒక కామెడీ. ప్రాంప్టింగ్‌కి (డైలాగులు అందించడానికి) మనిషి రాలేదని నన్ను కూర్చోబెట్టారు. స్క్రిప్టు ఒళ్లో పెట్టుకున్నానే గానీ చూడక్కర్లేదు, మొత్తం నోటికి వచ్చు. కాసేపటికి అల్లుడు వేసే ఆయన రిహార్సల్ ఆపేసి, ‘మేడమ్ గారూ, దండం పెడతా, మీరు పెదాలు కదుపుతున్నారు, మీ పెదాలు నాకంటే ముందు పోతున్నాయి, నాకు డైలాగు పోతోంది’ అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. నన్ను వెనక బెంచీకి పంపారు. అక్కడ నుంచి చూస్తే ఇంకో సంగతి తెలిసింది, ముందు కూర్చున్నప్పుడు నేను మాటలే వింటున్నా, వెనక్కెళ్లాక మనుషులు కనపడ్డారు. ఎవరు ఎవరికి దూరంగా నిలబడుతున్నారో, చిన్నకూతురు ఎప్పుడూ గుమ్మం దగ్గరే ఎందుకుంటుందో.

తర్వాత టైము గొడవ. స్టాప్‌వాచ్ పెట్టి నడిపితే రెండు గంటలు దాటి పోతోంది, పరిషత్తు రూలు ప్రకారం టైము దాటితే ముప్పు. డైరెక్టర్ గారు పెన్సిల్‌తో మొదటి రంగంలో కోటయ్య ఏకపాత్రలాగా మాట్లాడేది, అదే, యార్డులో టిక్కీల మీద పడుకుని మాట్లాడేది, మొత్తానికి సున్నా చుట్టారు. నాటకం మొత్తం దాంట్లోంచి పుట్టింది, ఆ సంగతి ఆయనకి తెలుసు. నేను వాదించలా. బస్సు నిద్ర వచ్చాక అది అనవసరం అని నాకే కనపడుతోంది. ఇంటికొచ్చి ఆ పేజీలు విడిగా సేవ్ చేసుకున్నా, ఎప్పుడన్నా ఏకపాత్రాభినయం పోటీలకి ఎవరైనా పిల్లలు అడిగితే ఇస్తా, ఉచితంగానే.

ఇంట్లో మా ఆయన అడిగాడు, ఎట్టా ఉంది ఇచ్చేసాక అని. ఇల్లు అద్దెకి ఇచ్చినట్టుంది అన్నా. మేకులు కొడతారు, మన గదిని స్టోర్ రూమ్ చేస్తారు, పైకి ఏం అనలేం, ఒక్కోసారి మనం ఎన్నేళ్లున్నా తెరవని కిటికీ వాళ్లు తెరుస్తారు. అద్దె మాత్రం ఎవరూ ఇవ్వరు. ఇది రాసేవాళ్లందరికీ తెలుసు, ప్రదర్శన ఖర్చులకి పరిషత్తు ఇచ్చేది సెట్టుకీ, మేకప్‌కీ, ఊరికెళ్లొచ్చే వ్యానుకీ, ఆర్టిస్టుల పారితోషికానికే చాలదు, సమాజం నడిపే ఆయన సొంత జేబులోంచి పెడతాడు, అట్లాంటప్పుడు నాకేం ఇస్తారని అడగడానికి నోరు రాదు. కొత్తగా రాసేవాళ్లు దీని మీద బతుకుదాం అనుకుంటే ముందే చెప్తున్నా, ఉద్యోగం వదలకండి.

రాసేవాళ్లు అడిగితే ఇంకోటి కూడా చెప్తా, రిహార్సల్‌కి వెళ్లండి కానీ అన్నిటికీ వెళ్లకండి. మొదట్లో నేను ప్రతి ఆదివారం పోయేదాన్ని. నేనుంటే ఆర్టిస్టులు ఒక్క డైలాగు తప్పినా నా వైపు చూస్తున్నారు. తప్పుతా తప్పుతా వెళ్తేనే వాళ్లకి సొంత దారి దొరుకుద్ది, పక్కన నిలబడి చూస్తుంటే దొరకదు. మధ్యలో కొన్ని వారాలు ఆడిటింగ్ ఉండి వెళ్లలేకపోయా, తిరిగి వెళ్లేసరికి నాటకం చాలా మారింది, డైలాగులు మాత్రం మారలా. చిన్నకూతురు పిల్ల ఒక సీన్లో పుస్తకం చదువుతా ఉంటది కదా, అది తలకిందులుగా పట్టుకుంటుంది, తండ్రికి చదువు రాదు కాబట్టి గమనించడు, మనం గమనిస్తాం. ఎవరు చెప్పారు అని అడిగితే ఎవరూ చెప్పలేదంట.

ఇప్పుడు పరిస్థితి ఏంటంటే ఆర్టిస్టులందరికీ నోటికి వచ్చేసింది, మూవ్‌మెంట్స్ ఖరారయ్యాయి, గుమస్తా రేటు అంకె మాత్రం ప్రదర్శన రోజు పొద్దున యార్డు రేటు చూసి పెట్టుకుందాం అని డైరెక్టర్ గారు తేల్చారు. ఇన్నేళ్లు నేను తలకొట్టుకున్న సమస్యని అర నిమిషంలో తేల్చేసారు, అప్పు లెక్క అంకెల్లో చెప్పకుండా అల్లుడు వేళ్లు మడిచి చూపిస్తాడంట. వాట్సాప్‌లో ఆర్టిస్టులకి కొత్త గ్రూపు పెట్టారు, దాంట్లో నేను లేను. వచ్చే ఆదివారం రన్ త్రూ, నన్ను రావద్దన్నారు, డ్రెస్ రిహార్సల్‌కి వస్తే చాలన్నారు. సరే అన్నా.

నిన్న రాత్రి బాబాయ్ గారు ఫోన్ చేసారు. స్క్రిప్టు గురించేమో అనుకుని టీవీ కట్టేసి కూర్చున్నా. ‘అమ్మాయ్, టిక్కీ మూతి కుట్టే దబ్బనం, ఆ పురికొస, అవి గుంటూర్లో యాడ దొరుకుతయ్?’ అన్నారు. స్క్రిప్టులో గోనె కుట్టడం ఎక్కడుంది బాబాయ్ గారూ అంటే, ‘లేదులే, నువ్వైతే తెప్పించు’ అన్నారు. పట్నంబజార్లో దొరుకుద్ది, రేపు బ్యాంకు నుంచి వస్తా తీసుకుని తెనాలి బస్సులో పార్సిల్ పెట్టాలి.